ప్రస్థానం ఉంచిన పెట్టె

పటం మీద మొదట పడినది అన్నం కుక్కరు. దాని మూత విడిపోయి, గోడకు తగిలి, గిరగిర తిరుగుతూ వచ్చి నా పాదాల దగ్గర ఆగింది. పొగలు కక్కే అన్నం ఆ ఉత్తరదేశపు నీలిపాయలన్నింటినీ కప్పివేసింది. మా అమ్మాయి చేతిలోని ఎర్రపెన్సిలు ఎత్తినది ఎత్తినట్లే ఉండిపోయింది. ఆమె తల పైకెత్తలేదు. రెండవసారి పడినది మా అల్లుడి చెయ్యి. అది పటం మీద పడలేదు.

“వంటగది లేని గదులు తీసుకుంటావుటే? అక్కడికి పోయి గడ్డి తినాలా నేను? చెప్పు, గడ్డి తినాలా?”

మాటకొక దెబ్బ. నేను లేచి మధ్యకు వెళ్ళేసరికి అతడే ఆగి, చొక్కా సర్దుకొని, “మీరు కూర్చోండి మావయ్యగారూ, మీకు బీపీ” అన్నాడు. నన్ను ‘మీరు’ అనడం అతడు ఏనాడూ మానలేదు.

నేను ప్రాచ్యకళాశాలలో జీవితమంతా ప్రబంధాలు పాఠం చెప్పి విశ్రాంతి తీసుకొన్నవాణ్ణి. భార్య పోయిన తరువాత కూతురు నన్ను సింగపూరుకు పిలిపించుకొన్నది. వారి ఫ్లాటు యూ టీ అనే పేటలో. అల్లుడు తంజోంగ్ పగార్‌లో ఒక బ్యాంకుకు సాఫ్ట్‌వేరు వ్రాసే సంస్థలో పెద్ద ఉద్యోగి. అమ్మాయి మరొక సంస్థలో, ఇతరులు వ్రాసినదానిలో తప్పులు పట్టే ఉద్యోగిని. కొత్త సహస్రాబ్దిలో కంప్యూటర్లు ఆగిపోతాయన్న భయం తీరిపోయి, కంపెనీలు మనవాళ్ళను విమానాల కొద్దీ దింపుకొంటున్న రోజులవి. ఆదివారం ఎవరింటికి భోజనానికి వెళ్ళినా జీతాలూ, షేర్లూ, కొత్త కార్లూ తప్ప మరొక మాట వినబడేది కాదు. ఆ విందులలో మా అల్లుడు అందరికంటే చక్కగా నవ్వేవాడు. పిల్లలందరూ “అంకుల్, అంకుల్” అంటూ అతని భుజాలెక్కేవారు.

దెబ్బ తరువాత బహుమానం రావడం ఆ ఇంటి ఆచారం. ఆమె మెడలోని రవ్వల లాకెట్టు ఒక చెంపదెబ్బ వెల. హాలులోని పెద్ద టెలివిజను, ఆమెను తలుపుకేసి కొట్టిన మరునాడు వచ్చింది. ఈ విహారయాత్ర సంగతీ అంతే. బీరువాలో అతని చొక్కా ఇస్త్రీ మడత చెడిందని ఆ బీరువా తలుపు ఆమె వ్రేళ్ళమీద వేసి ఒరగబడి నిలుచున్నాడు. ఉంగరపువ్రేలు విరిగింది. వైద్యుడు దానికి కట్టు కట్టిన సాయంత్రం అతడు పూలగుత్తితో వచ్చి, కంటతడి పెట్టుకొని, “ఎక్కడికైనా వెళ్దాం. మనిద్దరమే. ఎక్కడికంటే అక్కడికి. నువ్వే ప్లాన్ చెయ్యి” అన్నాడు.

ఆమె ఆ ఉత్తరదేశం పేరు చెప్పింది. ఎందుకు ఆ దేశమని నేను తరువాత అడిగితే, ఆఫీసు గోడమీది క్యాలెండరులో ఆ బొమ్మ ఉన్నదట. రెండు నల్లని కొండల నడుమ నిశ్చలమైన నీళ్ళు, ఆ నీళ్ళమీద ఒక తెల్లని ఓడ, మనుషులెవరూ లేరు.

అటుపిమ్మట మా అమ్మాయి ఆ పనిలో పడిన తీరు చూచి నేను విస్మయపడ్డాను. జెండా పట్టుకొన్నవాడి వెనుక గుంపుగా నడిచే యాత్ర ఆమెకు వద్దు. తానే రైళ్ళు, ఓడలు, బస్సులు ఒకదానితో ఒకటి అతికించుకొన్నది. గ్రంథాలయం నుంచి పుస్తకాలు, ఆఫీసు నుంచి అచ్చుతీసిన కాగితాలు, బల్లంత పటం తెచ్చింది. ఏ రైలు ఏ రేవుదాకా దిగుతుంది, ఏ ఓడ ఏ గట్టుకు చేరుతుంది, ఎడమవైపు కూర్చుంటే జలపాతం కనబడుతుందా కుడివైపు కూర్చుంటేనా అన్నంతవరకు ఎర్రపెన్సిలుతో గురుతులు పెట్టుకొన్నది. కట్టు కట్టిన వ్రేలు పటం మీద ఆనించి నాకు పాఠం చెప్పేది.

“ఈ లోయలన్నీ మంచు కోసిందట నాన్నా. కొండంత మంచు మెల్లగా జారుతూ జారుతూ రాతిని చీల్చుకుంటూ పోయిందట. తరవాత సముద్రం లోపలికి వచ్చేసింది.”

“మా అలంకారశాస్త్రం సముద్రాన్ని వేరుగా, పర్వతాన్ని వేరుగా వర్ణించమన్నదమ్మా. ఈ రెండింటినీ ఒకేచోట కుక్కితే కవి ఏం కావాలి?”

“కవిని ఓడ ఎక్కించి ఊరుకోబెట్టాలి” అని నవ్వింది. కట్టు కట్టించుకొన్న తరువాత ఆమె నవ్వడం నేను చూచినది అప్పుడే.

ఆ ఇంట్లో ఆమె నిద్ర గురించి ఇక్కడ చెప్పాలి. సెలవునాడు మధ్యాహ్నం సోఫాలో కన్ను మూసినా మోచెయ్యి ముఖానికి అడ్డుగా మడిచి ఉంచుకొనేది. నిద్రలో కూడా ఆ చెయ్యి జారేది కాదు. అతనికి ఏదైనా కావలసి వస్తే పిలవడు. జుట్టు పట్టి లేపుతాడు. నేను ఇంట్లో ఉన్నానన్న జంకు మొదటి వారాలలోనే తీరిపోయింది.

“మనం వెళ్ళిపోదాం తల్లీ” అని ఒకనాడు కూరగాయల సంచి మోస్తూ అడిగాను.

“పాస్‌పోర్టు లేకుండా ఎక్కడికి నాన్నా?”

భార్యాభర్తలిద్దరి పాస్‌పోర్టులూ బీరువా లోపలి అరలో తాళం కింద ఉండేవి. ఆ తాళంచెవి అతని జంధ్యానికి వ్రేలాడుతూ ఉండేది. స్నానానికి వెళ్ళినా, పడకకు వెళ్ళినా అది అతనితోనే. వీసాకోసం ఆ పుస్తకాలు ఒకసారి బయటికి వచ్చాయి; తానే పట్టుకొని వెళ్ళి, తానే పట్టుకొని వచ్చి, మళ్ళీ తాళం వేశాడు. గాయత్రి చెప్పుకొనే ఆ మూడుపోగుల దారానికే నా కూతురు కట్టుబడి ఉన్నదని ప్రతి ఉదయం అతని సంధ్యావందనం చూస్తున్నప్పుడల్లా నాకు తట్టేది. అతడు నిష్ఠగలవాడు. వర్జ్యం చూడకుండా కొత్త చొక్కా తొడగడు. ప్రయాణమంటే నన్ను పంచాంగం విప్పమనేవాడు.

ప్రయాణానికి వారం ఉందనగా ఊరినుంచి అతని తల్లి ఫోను చేసింది. మాట్లాడుతూ మాట్లాడుతూ అతని ముఖం నల్లబడింది. ఫోను పెట్టి, ఆ పరికరాన్నే తీగతో సహా పెరికి నేలకేసి కొట్టాడు. అమ్మాయి వంటింటి గుమ్మంలోకి వెనక్కు జరిగింది.

“శుక్రవారం టికెట్లు ఎవరు కొనమన్నారే? శుక్రవారం పడమటికి శూల అని నీకు తెలియదా? పండితుడి కూతురివి కదే నువ్వు!” ఇటు తిరిగి, గొంతు మార్చి, “మావయ్యగారూ, టికెట్లు మార్చడం కుదరదు. అమ్మ ఒప్పుకోవడం లేదు. ఏదైనా ఉపాయం చూడండి” అన్నాడు.

నేను పంచాంగం తీశాను. నిజమే. శుక్రవారం పడమటికి శూల; ఆనాడు ఆ దిక్కుకు బయలుదేరరాదు. గురువారం ఉదయం లగ్నం బాగున్నది, తార కుదిరింది. పెద్దలు ఇటువంటి చిక్కుకు ఏనాడో దారి పెట్టి ఉంచారు. ముహూర్తానికి మనిషి కదలలేకపోతే ప్రయాణవస్తువును ఆ ముహూర్తానికి గడప దాటించి మరొకరి ఇంట ఉంచుతారు. అంతటితో ప్రయాణం మొదలైనట్లే లెక్క. తరువాత వీలు చూచుకొని అక్కడినుంచి సాగిపోతారు. దీన్ని ప్రస్థానమంటారు, మా ఊళ్ళో ఆడవాళ్ళు పరస్థానమనేవారు. ఒక్కటే నియమం. అలా గడప దాటించిన వస్తువు, ప్రయాణం కాకుండా తిరిగి ఆ గడప తొక్కరాదు. తొక్కితే ఆ ఇంటికే అరిష్టం.

ఇదంతా అతనికి చెప్పాను. చెబుతూ చెబుతూ ఉండగానే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. వంటింట్లో బియ్యం కడుగుతున్న చప్పుడు ఆగిపోయింది.

“ఏం పెట్టాలి ప్రస్థానం?”

“వర్ణాన్ని బట్టి ఒక్కొక్కరికి ఒక్కొక్క వస్తువు చెప్పారు. చివరికి, ఎవరికి ఏది లేకపోతే ప్రయాణం సాగదో, ఏది మనసుకు ప్రాణప్రదమో అది పెట్టమన్నారు. ఈ కాలపు ప్రయాణానికి ఏది లేకపోతే సాగదండీ?”

అతడు ఆలోచించాడు. “పాస్‌పోర్టు.”

“మీ నోటితో మీరే అన్నారు. పెట్టెలూ పాస్‌పోర్టులూ పెట్టాలి. మనిషే వెళ్ళి ఉంటే మరీ ఉత్తమం. మీకు ఆఫీసులో రిలీజు పని ఉన్నదన్నారు కదా. అమ్మాయి వెళ్ళి ఉంటుంది, తోడు నేనుంటాను. మీరు మరునాడు ఆఫీసునుంచి నేరుగా విమానాశ్రయానికి రండి.”

“ఎవరింట్లో?”

“బెడోక్‌లో అమ్మాయి స్నేహితురాలున్నదిగా.”

ఆ స్నేహితురాలు అమ్మాయితో కలిసి పనిచేసే హైదరాబాదు ముస్లిం ఇల్లాలు. అల్లుడి నొసలు ముడిపడింది. “వాళ్ళింట్లోనా ప్రస్థానం?”

“పరగృహమని ఉన్నదండీ శాస్త్రంలో. ఆ పరగృహంలో ఎవరుండాలో వ్రాయలేదు.”

“పడమటి ప్రయాణానికి తూర్పున పెట్టడమేమిటి మావయ్యగారూ?”

“విమానాశ్రయం తూర్పున కట్టారు. విమానాన్ని యూ టీకి రప్పించగలిగితే ఇక్కడే పెట్టుకొందాం.”

అతడు నవ్వాడు. నా భుజం తట్టి, “మీతో వాదించలేం” అన్నాడు. శాస్త్రంలో లేని అక్షరం నేను ఒక్కటీ చెప్పలేదు. వంటింట్లో బియ్యం కడుగుతున్న చప్పుడు మళ్ళీ మొదలైంది.

ఆ వారం ఆమె నాతో ఒక్క మాటైనా విడిగా మాట్లాడలేదు. మాట్లాడితే గోడలు వింటాయన్నట్లు తిరిగింది. పటం మీద అంటుకొన్న మెతుకులు గోటితో గీకి, చిరుగులకు జిగురుకాగితం అతికించి, మడిచి పెట్టెలో పెట్టుకొన్నది. వంటగది ఉన్న గదులు వెతికి మార్చినట్లు అతనికి చూపించింది. గోంగూర పచ్చడి సీసాకు మూడు సంచులు తొడిగింది.

గురువారం ఉదయం అతడు స్నానం చేసి, బొట్టు పెట్టుకొని, జంధ్యం ముడినుంచి తాళంచెవి విప్పాడు. పాస్‌పోర్టులు రెండూ పసుపుగుడ్డలో పెట్టి, అక్షతలు చల్లి, నేనే మూటకట్టాను. శ్లోకం గట్టిగా చదివాను. అమ్మాయి పెట్టె గుమ్మం దగ్గరికి లాగుతూ ఏదో కూనిరాగం తీసింది. అంతే. అతడు ఒక్క అంగలో వచ్చి ఆమె గడ్డం పట్టుకొని ముఖం పైకెత్తాడు.

“ఏమిటే ఆ సంబరం? స్నేహితురాలింట్లో ఒక్కరోజు ఉండటానికా?”

ఆమె కళ్ళు నా చేతిలోని మూటమీద ఉన్నాయి. అతని వ్రేళ్ళు దవడలోకి దిగుతున్నాయి.

“ప్రయాణం కదండీ” అన్నది ఎలాగో.

“ముహూర్తం దాటిపోతున్నదండీ. శుభమా అని కదులుతుంటే ఆడపిల్లను ఏడిపించరాదు” అన్నాను.

“మీరు మంత్రాలు చదువుకోండి మావయ్యగారూ.” ఒక్కసారి తల వెనక్కి నెట్టి వదిలాడు. తలుపుచెక్కకు ఆమె తల తగిలిన చప్పుడు ఆ వసారా చివరిదాకా వినబడి ఉండాలి. కాని మూట గడప దాటింది. పెట్టె దాటింది. ఆమె దాటింది.

రైలులో మేమిద్దరం ఒకరినొకరం చూచుకోలేదు. ఆమె దవడమీద నాలుగు వ్రేళ్ళ అచ్చులు ఎర్రగా ఉబ్బి వస్తున్నాయి. ఎదురుగా కూర్చున్న కళాశాల పిల్ల ఒకసారి చూచి తల తిప్పుకొన్నది. రైలు మారి తూర్పుదిక్కుకు మళ్ళిన తరువాతనే అమ్మాయి నా చెయ్యి పట్టుకొన్నది. బెడోక్ వచ్చేదాకా వదలలేదు.

స్నేహితురాలు ఇనుపకటకటాల తలుపు తీసి మమ్మల్ని లోపలికి రమ్మన్నది. దవడమీది అచ్చులు చూచింది.

“ఏందే హౌలీ, ఒక్క పెట్టె తెచ్చెతందుకు ఇన్ని దినాలా?” అని ఆమెను కౌగిలించుకొన్నది. నా చేతిలోని పసుపు మూట రెండు చేతులా అందుకొని, “అంకుల్, ఇది మా బీరువాల, నా నమాజు చాదరు పక్కకే పెడత. ఎవడొచ్చి ముడతడో నేను చూస్త. మీరు ఫికరు చెయ్యకుండ్రి” అన్నది.

భోజనాలయిన తరువాత అమ్మాయి అతనికి ఫోను చేసింది. నేనూ స్నేహితురాలూ పక్కనే ఉన్నాము.

“రేపు నేను ఒక్కదాన్నే వెళ్తున్నాను. తిరిగి వచ్చాక కూడా ఆ ఇంటికి రాను.” అటునుంచి ఏమి వచ్చిందో నాకు వినబడలేదు. ఆమె మాత్రం, “అరవకండి. మీ ఆఫీసులో వింటారు” అని పెట్టేసింది. అప్పుడు పట్టుకొన్నది వణుకు. స్నేహితురాలు ఒక దుప్పటి తెచ్చి, ఆ ఎండవేళలో, చుట్టూ కప్పింది.

ఇంకా పొద్దు ఉండగానే అతడు వచ్చాడు. ఆఫీసు గుర్తింపుకార్డు మెడలో అలాగే ఉన్నది. లిఫ్టు దిగి వసారాలో నడుస్తూ పక్కింటి పూలకుండీని తన్నాడు. అది పగిలిన చప్పుడుకే మాకు తెలిసింది. నేను బయటికి వచ్చి, కటకటాల తలుపు నా వెనుక లాగి మూసి, దానికి వీపు ఆనించి నిలుచున్నాను. లోపల స్నేహితురాలు గడియ పెట్టింది.

“తప్పుకోండి మావయ్యగారూ. దాని పెట్టె ఇప్పించండి. దాన్ని బయటికి రమ్మనండి.”

“ప్రస్థానం ఉంచిన పెట్టె వెనక్కి రాదండీ. వస్తే మీ ఇంటికే చేటు.”

ఆ మాటకు అతడు నిజంగా ఆగాడు. ఆ ఒక్క క్షణం అతని ముఖంలో పసిపిల్లవాడి భయం కనబడింది. ఆ భయమే అతణ్ణి మరింత రేపింది. మొదటి గుద్దు నా కళ్ళద్దాలమీద పడింది. అద్దం కనుబొమలో దిగి నెత్తురు కంటిలోకి కారింది. “తప్పుకోమంటున్నాను కదండీ!” రెండవది పక్కటెముకలమీద. “మీరు పెద్దవారు, మీమీద చెయ్యి చేసుకోవడం నాకిష్టం లేదు!” మూడవది చెవిమీద. ఇనుపకటకటాలు నా తలకు తగిలి ఘంటలాగా మోగాయి. నా పంచె అంచు పట్టుకొని పక్కకు ఈడ్చాడు. నేను కటకటాల ఊచలు వెనక్కి చేతులు పెట్టి పట్టుకొన్నాను. లోపలినుంచి ఆ ఊచలమీదనే నా వ్రేళ్ళను మరొక చెయ్యి గట్టిగా పట్టుకొన్నది. అందులో ఒక వ్రేలికి కట్టు ఉన్నది.

“ఓల్డ్ మ్యాన్! యూ సీ లా! ఓల్డ్ మ్యాన్!” పక్కింటి చీనా ముసలమ్మ చీపురు తిరగేసి వచ్చి అతని వీపుమీద కొట్టింది. పగిలిన కుండీ కోపమో, నా నెత్తురు చూచిన కోపమో, మళ్ళీ కొట్టింది. అతడు ఆమెను తోసివేయడానికి తిరిగాడు. అప్పటికి వసారా నిండా తలుపులు తెరుచుకొన్నాయి. నలుగురు మగవాళ్ళు అతణ్ణి గోడకు అదిమి పట్టుకొన్నారు. స్నేహితురాలు లోపలినుంచి, “పోలీసోళ్ళు వస్తున్నరు అంకుల్, కూసోండ్రి కింద, కూసోండ్రి” అని అరుస్తున్నది.

పోలీసులు వచ్చిన తరువాత అతడు తిరిగి విందులలోని మనిషి అయిపోయాడు. చక్కని ఇంగ్లీషులో కుటుంబ విషయమని, మావగారు కాలు జారి పడ్డారని చెప్పాడు. అధికారి అమ్మాయిని అడిగాడు: అతడు మీ నాన్నగారిని కొట్టాడా?

“కొట్టాడు” అన్నది. అంతటితో ఆగుతుందనుకొన్నాను. అంతవరకు ఎవరు అడిగినా బాత్రూములో జారిపడ్డానని చెప్పిన నోరు అది. ఆమె దవడ వెలుతురులోకి తిప్పింది. కట్టు విప్పి, వంకరగా అతుకుతున్న వ్రేలు చాపింది. “నన్నూ కొట్టాడు. చాలాకాలంగా.”

తీసుకువెళ్ళేముందు అధికారి అతని పాస్‌పోర్టు ఉంటే ఇమ్మన్నాడు. స్నేహితురాలు పసుపుమూట విప్పి, అక్షతలు దులిపి, అతనిది వేరుచేసి అందించింది. అధికారి అందులోని వివరాలు వ్రాసుకొని దాన్ని అతని చేతికివ్వబోయాడు. అతడు చేతులు వెనక్కి తీసుకొన్నాడు. అంత జరిగిన తరువాత కూడా, ప్రస్థానం ఉంచిన వస్తువును తన చేత్తో వెనక్కి పట్టుకుపోవడానికి జంకాడు! చివరికి అధికారే దాన్ని తన జేబులో పెట్టుకొన్నాడు.

నా కనుబొమకు కుట్లు వేయించుకొని వచ్చిన తరువాత, “మన ఊరు పోదాం తల్లీ, రేపే” అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

“ఇంత ప్లాన్ చేశాను నాన్నా. వెళ్తాను.”

“ఒక్కదానివా?”

“ఒక్కదాన్నే.”

స్నేహితురాలు, “పోనియ్యండ్రి అంకుల్. మీరు ఈడనే ఉండుండ్రి. మీ పప్పు, మీ చారు నాకు నేర్పుండ్రి” అన్నది. మరునాడు, శుక్రవారం, పడమటికి శూల ఉన్న దినాన, నా కూతురు విమానం ఎక్కింది. నేను పంచాంగం విప్పలేదు.

కొన్ని దినాల తరువాత ఫోను మోగింది. నా చెవికి ఇంకా కట్టు ఉన్నది. స్నేహితురాలు ఫోను రెండవ చెవికి ఆనించి పట్టుకొన్నది.

“నాన్నా, కన్ను ఎలా ఉంది?”

“కంటికేమమ్మా, ఉన్నది. ఆ నీటిలోయ ఎలా ఉన్నదో చెప్పు. ఎడమవైపు కూర్చున్నావా, కుడివైపా?”

అటునుంచి నవ్వు వినబడింది.

“ఏమో నాన్నా. ఓడ ఎక్కగానే బల్లమీద ఒరిగాను. ఎవరో పెద్దాయన తన కోటు కప్పాడట. కళ్ళు తెరిచేసరికి చివరి రేవు.”

“ఒక్క కొండైనా చూడలేదా? అంత ఎర్రపెన్సిలు అరగదీశావే!”

“ఒక్కటీ చూడలేదు” అన్నది మా అమ్మాయి. “ఎవరూ నన్ను లేపలేదు నాన్నా.”